కరిగిన చారుగిన్నె

"రెండు పేజీలే కదా, వంట చేస్తూ రాసెయ్యొచ్చు," అన్నాడు మానవ్. నా నుదుటి మీద ముద్దు పెట్టి ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. పెళ్లయి నాలుగు నెలలే కాబట్టి నేను ఆ ముద్దు దగ్గరే కాసేపు ఆగిపోయాను. వంట చేస్తూ ఎలా రాస్తారన్న సంగతి ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు గుర్తొచ్చింది.

మసాచుసెట్స్‌లోని ఈ చిన్న ఊళ్లో మా మావయ్య భీమశంకర్ గారికి ప్యూటర్ సామాన్ల ఫ్యాక్టరీ ఉంది. ప్యూటర్‌లో నూటికి తొంభై పాళ్లు తగరమే, మన సత్తుగిన్నెలకి దగ్గర చుట్టం. చెంచాలు, మగ్గులు, పసిపిల్లల పేర్లు చెక్కిన కప్పులు చేస్తారు. ఈ ఏడాదితో ఫ్యాక్టరీకి ఎనభై ఏళ్లు. ఆ సందర్భంగా వేసే పుస్తకానికి చరిత్ర నేను రాయాలి, శుక్రవారం ప్రింటర్‌కి పంపాలి. ఇంగ్లిష్ ఎమ్మే చదివినందుకు దక్కిన పని అది. చదువుతో నిమిత్తం లేకుండా దక్కినవి వేరే ఉన్నాయి: పొద్దున నలుగురికీ లంచ్ బాక్సులు, పగలు ఫ్యాక్టరీలో ప్యాకింగ్, సాయంత్రం మళ్లీ వంట. జీతం మాట ఓసారి నవ్వుతూ అడిగితే, "మనింట్లో మనకి జీతమేంటమ్మా," అని మావయ్య కూడా నవ్వారు.

ఇక్కడ నాకు ఇష్టమైనవి చాలా ఉన్నాయి, అబద్ధమెందుకు. చూరుకి వేలాడే మంచు కడ్డీలు. ప్యాకింగ్ బల్ల మీద చెంచాలు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే చిన్న గలగల. గడ్డకట్టిన నా చేతిని మానవ్ తన కోటు జేబులో దాచుకోవడం. ఈ మధ్య ఆ జేబు వెచ్చదనానికి నాకు నిలబడే నిద్రొస్తోంది.

మావయ్య చెబుతుంటే చరిత్రంతా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. 1946లో హాలోవే అనే ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చి, కారు షెడ్డులో ఒక్క చెంచా అచ్చుతో మొదలుపెట్టాడు. ఆయన తర్వాత కొడుకు. ఎనభై తొమ్మిదిలో మావయ్య ఇంజనీరుగా చేరారు. హాలోవే మనవలెవరికీ ఈ పని అక్కర్లేకపోతే, తొంభై ఏడులో ఆయనే కొన్నారు. మూతపడబోయిన కంపెనీని నిలబెట్టింది 'శంకర్ బౌల్'. అడుగు గుండ్రంగా, అంచు బయటికి విచ్చుకుని ఉండే గిన్నె. "ఓ సాయంత్రం ఐడియా తట్టింది," అన్నారాయన. గంటన్నర రికార్డింగ్‌లో ఒక్క ఆడపేరు లేదు. రాయడానికి కూర్చునేదాకా నాకూ ఆ సంగతి తట్టలేదు.

బుధవారం చారు పెట్టబోతూ అల్మరాలోంచి ఓ పాత గిన్నె తీశాను. అచ్చం మా అమ్మ సత్తుగిన్నెలా ఉందని సంబరపడి, పోపుకి స్టవ్ మీద పెట్టాను. నూనె సీసా ఖాళీ. గరాజ్‌లోంచి కొత్తది తెచ్చేసరికి గిన్నె లేదు, బర్నర్ చుట్టూ వెండి మడుగు ఉంది. ముందు నీళ్లు పొయ్యకుండా సత్తుగిన్నె పొయ్యెక్కించకూడదని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

అది మొట్టమొదటి శంకర్ బౌల్. పుస్తకం అట్ట మీద దాని ఫొటోనే వెయ్యాలి. మావయ్య అరవలేదు. "చదువుకున్న పిల్లవే కదమ్మా," అన్నారంతే. మానవ్ ఆయనకి "ఇట్స్ ఓకే డాడ్" చెప్పి, నాకు "కొంచెం చూసుకోవాలి కదా ఆద్యా" చెప్పాడు.

వాళ్లు హాల్లోకి వెళ్లాక అత్తయ్య రాధారాణి గారు చల్లారిన ముద్దని అట్లకాడతో లేపి అరచేతిలో పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు పాలిషింగ్ చక్రం ముందు నిలబడిన చెయ్యి. గీతల్లో బూడిదరంగు ఎంత కడిగినా పోదు.

"నేనూ ఇలాగే చేశాను," అన్నారు. "వచ్చిన కొత్తలో. మా అమ్మ ఇచ్చిన గిన్నె. ఫోన్ మోగితే వెళ్లొచ్చాను, అంతే."

ఆ ముద్ద పట్టుకుని మూడు రోజులు ఏడ్చారట. నాలుగో రోజు గిన్నె ఆకారం అట్టముక్క మీద గీసుకుని, ఫ్యాక్టరీలో లేత్ మీద రేకు తిప్పి గిన్నెలు చేసే ముసలి మేస్త్రి దగ్గరికి వెళ్లారు. ఇంగ్లిష్ రాదు, చేతులతో చెప్పారు. అమ్మ గిన్నె అంచులా రావడానికి పదకొండు గిన్నెలు పాడయ్యాయి. పన్నెండోది మావయ్య తీసుకెళ్లి హాలోవే కొడుక్కి చూపించారు. నేను కరిగించింది దాన్నే.

"మరి శంకర్ బౌల్ అని ఎందుకు..."

"ఆయన చూపించారు కదా."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరడిగారు?" అన్నారు, ఉప్పుడబ్బా అందించినంత మామూలుగా.

శుక్రవారం పొద్దున వంటింట్లోకి వెళ్లకముందే చరిత్ర మళ్లీ రాశాను. మానవ్ నా భుజం మీదుగా చదివాడు. ఇంటి సంగతులు కంపెనీ హిస్టరీలో ఎందుకన్నాడు, డాడ్ ఫీలవుతారన్నాడు. "అమ్మకే నచ్చదు. కావాలంటే అడుగు," అని స్నానానికి వెళ్లాడు.

అడిగాను. డైనింగ్ టేబుల్ దగ్గర అత్తయ్యని కూర్చోబెట్టి, ఆవిడ గురించి కొత్తగా రాసిన వాక్యం తెలుగులో చెప్పాను: "1990లో రాధారాణి, తన తల్లి ఇచ్చిన చారుగిన్నెను పొయ్యి మీద కరిగించుకున్నారు. ఈ కంపెనీని బతికించిన గిన్నె అక్కడ పుట్టింది."

ఆవిడ చాలాసేపు టేబుల్ మీద లేని మరకని వేలితో రుద్దారు. మానవ్ చెప్పిందే నిజమేమో అనుకున్నాను.

"తీసెయ్యమంటారా?"

"ఒక్కటి సరిగా లేదమ్మా," అన్నారు. "తన తల్లి అని రాశావు. మా అమ్మకి పేరుంది. రత్నం."

ఆ పేరు టైప్ చేసి ప్రింటర్‌కి పంపేశాను. కౌంటర్ మీద నాలుగు లంచ్ బాక్సులూ మూతలు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. అత్తయ్య చూశారు, నేనూ చూశాను. ఇద్దరమూ లేవలేదు.