ముట్టుకోకూడని గుడ్లు

మా ఆయన వాచీలు బాగుచేస్తాడు. ఆగిపోయిన వస్తువు ఏది కనబడినా, మూత తెరిచి లోపల ఏముందో చూడందే ఆయనకి ముద్ద దిగదు. ఆ జబ్బుతోనే రెండుసార్లు నా బాతు గుడ్లన్నీ పాడుచేశాడు. అందుకే మూడోసారి బాతు పొదగడానికి కూర్చున్న రోజునే ఆయన్ని పెరటి గుమ్మంలో నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాను.

"ఈసారి ఆ గుడ్ల మీద మీ చెయ్యి పడిందో, మీ వాచీలన్నీ రోట్లో వేసి దంచుతాను" అన్నాను.

"పడదు" అన్నాడు. "చూడొచ్చా?"

"దూరం నుంచి."

నా బాతు అన్నానే గానీ అది మా అక్కది. అక్క పోయి ఏడాదైంది. పోయేనాటికి ఆమె పెంచిన మందలో ఒక్క జంట మిగిలింది. అక్క కూతురు ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల్లో. బాతుల్ని అట్టపెట్టెలో తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అమ్మ బాతులు వీటితో ఆగిపోకూడదు పిన్నీ. పిల్లలు పుట్టగానే నాకు ఫోన్ చెయ్యి" అని ఏడ్చి వెళ్లింది. ఆడబాతు నడకలో దర్జా చూసి దొరసాని అని పిలవడం మొదలుపెట్టాను.

మొదటిసారి మా ఆయన రోజూ గుడ్లు తీసి బల్లదీపం ముందు పెట్టి చూసేవాడు. పదో రోజున దొరసాని విసిగిపోయి గూడు వదిలేసింది. రెండోసారి చేసిన ఘనకార్యం ఇంకా పెద్దది. పొదిగే బాతు రోజుకొకసారి దిగి, తిని, తొట్టిలో మునిగి, తడి ఈకలతోనే వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడి గుడ్లకి కావాలి. అది లేకపోతే పెంకు లోపలి పొర ఎండి బిగుసుకుపోతుంది. వాచీలో నీటిచుక్క కనబడితే గుండె ఆగిపోయే మనిషికి ఇదంతా ఎక్కడ తలకెక్కుతుంది! అద్దాలు తుడిచే మెత్తని గుడ్డ పట్టుకుని, దొరసాని చేత పొడిపించుకుంటూ, నాకు తెలియకుండా రోజూ గుడ్లు పొడిగా తుడిచిపెట్టాడు మహానుభావుడు. ఎనిమిది పిల్లలూ పెంకుల్లోనే ఇరుక్కుని చచ్చిపోయాయి. ఒక్కొక్క గుడ్డూ విప్పి చూసింది నేనే. నెల రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మూడోసారి కూడా ఎనిమిదే పెట్టింది. మేడమెట్ల కింద, నేను కుట్టుపనికి వాడిన పాత కత్తిరింపు బల్ల అడ్డంగా పడేసిన చోట, గడ్డి పోగేసి, తన రొమ్ము ఈకలే పీకి మెత్తగా పరుచుకుంది. కూర్చున్న పన్నెండో రోజున వీధికుక్క గోడ దూకి మగబాతుని ఎత్తుకుపోయింది. నేను చీపురుతో పరిగెత్తేసరికి ఈకలు మిగిలాయి. ఇక అక్క బాతులంటే దొరసాని, దాని కింద ఉన్న ఎనిమిది గుడ్లు. అవీ పోతే ఆ వంశం అయిపోయినట్టే. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం దొరసాని కాస్త పైకి లేచి సర్దుకుంటున్నప్పుడు చూశాను. మూడు గుడ్లకి చిన్న కన్నాలు పడ్డాయి. ఒకదానిలో ముక్కు కొన కదులుతోంది. లోపల్నుంచి కిచకిచలు. నా ఆనందం చెప్పలేను. నేరుగా దాణాకొట్టు ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ముప్పై ఏళ్లుగా ఊరందరి కోళ్లకీ బాతులకీ దాణా అమ్ముతోంది, ఆమెకి తెలియనిది లేదు.

"కన్నం పడిందని సంబరపడి చెయ్యి పెట్టేవు" అంది ఆవిడ నా మొహం చూడగానే. "ఒక పగలూ ఒక రాత్రీ దాటినా భయపడకు. పెంకు లోపలి పొరలో నెత్తురుంటుంది, అదంతా పిల్ల ఒంట్లోకి దిగాలి. పొట్ట కింద సొన లోపలికి పోవాలి. అప్పటిదాకా అది కదలదు. తొందరపడి విప్పావా, నీ చేతిలోనే పోతుంది."

"నేనెందుకు విప్పుతాను? విప్పే మనిషి వేరే ఉన్నాడు మా ఇంట్లో" అని నవ్వాను. ఇంటికొచ్చి ఆ మాటలన్నీ మా ఆయనకి వేలు చూపించి మరీ అప్పజెప్పాను. ఆయన తలూపి, ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని పని చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే కన్నాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పిసరంత కూడా పెరగలేదు. మొదట కన్నం పడిన గుడ్డులో కిచకిచ సన్నబడింది. పదింటికి మళ్లీ చూశాను. పదకొండింటికి మళ్లీ. చొక్కా చేతులు కుడుతూ కుడుతూ రెండుసార్లు తిరగేసి కుట్టాను. కళ్ల ముందు పోయినసారి చచ్చిన ఎనిమిదే. పొర ఎండిపోయిందేమో? ఈ ఎండకి తడి చాలలేదేమో? మళ్లీ అలాగే అయితే అక్క కూతురికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఒంటిగంటకి దొరసాని తినడానికి దిగింది. ఆ గుడ్డు పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. అప్పుడు ఏం ఆలోచించానో నాకే తెలియదు. బట్ట మీద పోగు వేలాడుతుంటే కత్తిరించకుండా ఉండలేని చెయ్యి నాది. మెడలో వేలాడే, దారాలు తెంపే చిన్న కత్తెర తీసి, కన్నం అంచున పెట్టి, కుట్టు విప్పినట్టు పెంకు చుట్టూ కొంచెం కొంచెంగా తీశాను. సగం దాకా వచ్చేసరికి తెల్లపొర మీద సన్నని ఎర్రగీత కనబడింది. గీత కాస్తా చుక్కయింది, చుక్క కాస్తా కారింది. పిల్ల ఒక్కసారి మెడ సాచింది. పొట్ట కింద సొన ఇంకా బయటే ఉంది.

అది బతికే ఉంది. నేను విప్పేదాకా బతికే ఉంది.

ఎప్పుడు వచ్చిందో, దొరసాని నా మోచేతి మీద పడి రెక్కలతో కొట్టింది. ఒక్క అరుపు అరిచి, గూటివైపు చూడకుండా, పెరటి చివరికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. నా అరచేతిలో పిల్ల ఆగిపోయింది. గూట్లో ఏడు గుడ్లు ఒంటరిగా, పైన వెచ్చదనం లేకుండా పడి ఉన్నాయి.

"ఏమండీ!" అని అరిచాను.

ఆయన వచ్చి నా చేతుల్లో నెత్తురు చూశాడు. గుమ్మంలో నిలబెట్టి ఒట్టు వేయించుకున్న ఆడదాన్ని నేను. ఇప్పుడు అనండి, నోటికొచ్చింది అనండి అని ఎదురుచూశాను. ఆయన నా భుజం పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"తియ్యండి తలుపు. గుడ్లు చల్లారిపోతున్నాయి. మీ దీపం కింద పెడదాం."

"వద్దు. అవి గూట్లో లేకపోతే అది మళ్లీ కూర్చోదు. మనం కనబడినా కూర్చోదు."

"ఎంతసేపు ఆగుతాం? చచ్చిపోవూ?"

చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "రోజూ అది దిగిన టైమూ ఎక్కిన టైమూ రాశాను. కిటికీలోంచే చూశాలే. ముట్టుకోవద్దన్నావు, రాయొద్దనలేదుగా? మామూలుగా ఇరవై నిమిషాలు. కుక్క వచ్చిన రోజు ముప్పై ఎనిమిది. అప్పుడేం కాలేదు గుడ్లకి."

"ఇప్పుడెంతయింది?"

"పదిహేడు."

కిటికీ పక్కన నేలమీద కూర్చున్నాం. దొరసాని కదల్లేదు. ఇరవై అన్నాడు. ముప్పై అన్నాడు. లేవబోయాను, కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. "మీకేం, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు" అని ఎగిరాను. అప్పుడు చూశాను, ఆయన రెండో చేతిలో ఆ కాగితం నలిగి ఉండైపోయింది. వాచీలోని ఎంత చిన్న మరనైనా నలగకుండా పట్టుకునే చెయ్యి అది.

"నాకు మాత్రం వెళ్లి తీసుకురావాలని లేదా?" అన్నాడు. "రెండుసార్లు తెచ్చాను. ఏమైందో చూశావుగా."

ముప్పై ఎనిమిది దాటింది. నలభై దాటింది. ఆయన నిమిషాలు చెప్పడం మానేశాడు. నేను అడగడం మానేశాను. ఎన్నడూ లేనిది ఆయన భుజం మీద తలపెట్టి, "అక్కా, నన్ను క్షమించు" అని పైకే అనేశాను.

దొరసాని కదిలింది. తొట్టి దగ్గరికి వెళ్లి, ఒక్కసారి మునిగి, నీళ్లు కారుతూనే గూటికి నడిచింది. చుట్టూ తిరిగింది. మెడ వంచి చాలాసేపు గుడ్లవైపు చూసింది. అప్పుడు ఒక్కొక్క కాలే లోపల పెట్టి, పొట్ట దించి, రెక్కలు పరుచుకుని కూర్చుంది. "యాభై మూడు" అన్నాడు మా ఆయన.

ఆ తరవాత తలుపు తెరవలేదు. పిల్లని గుడ్డలో చుట్టి ముందువైపు మట్టిలో ఆయనే పూడ్చాడు. మర్నాడు పొద్దెక్కాక గూటి అంచున ఒక పసుపు తల కనబడింది. తరవాత రెండు. మధ్యాహ్నానికి ఏడు. ఏడూ! ఇద్దరం చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గెంతాం. ఆ గెంతులోనే నాకు ఎనిమిదోది గుర్తొచ్చింది.

అక్క కూతురికి ఫోన్ చెయ్యాలి. నంబరు నొక్కుతుంటే మా ఆయన దగ్గరికొచ్చి, "ఎనిమిదోదాని సంగతి అడిగితే నా మీద తోసెయ్యి. రెండుసార్లు చేసినవాణ్ణి, మూడోసారి కూడా నేనే అంటే ఎవరైనా నమ్ముతారు" అన్నాడు.

నిజమే, నమ్ముతారు. ఒక్క క్షణం నాకూ ఆశపుట్టింది, అబద్ధమెందుకు.

"పిన్నీ, పుట్టాయా?"

"ఏడు పుట్టాయమ్మా. ఇంకోటి నేను చంపాను. మీ బాబాయి కాదు, నేను. టైమివ్వకుండా కత్తెరతో విప్పేశాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఏడున్నాయిగా పిన్నీ. చూపించు, ఇప్పుడే చూపించు."

ఫోన్ ఎత్తి పట్టుకుని పెరట్లోకి దిగాను. మెట్ల దాకా కూడా పోలేదు, దొరసాని మెడ సాచి బుసకొట్టింది. రెక్కలు విప్పి పిల్లలన్నిటినీ వెనక్కి నెట్టుకుని నాకు అడ్డంగా నిలబడింది. ఇంకో అడుగు వేస్తే మీద పడేలా ఉంది. నేను వెనక్కి వచ్చి ఫోన్ మా ఆయన చేతికిచ్చాను.

"మీరు వెళ్లండి" అన్నాను.

ఆయన వెళ్లి గూటికి నాలుగడుగుల దూరంలో నేలమీద కూర్చున్నాడు. దొరసాని ఆయన్నేమీ అనలేదు. ఫోన్‌లోంచి అక్క కూతురు ఒకటీ, రెండూ అని లెక్కపెడుతోంది. నేను గుమ్మంలో నిలబడి, దూరం నుంచి చూశాను.