మనవాళ్ళ ఉగాది

అమెరికాలో కాలం మారిందని చెట్ల కంటే ముందు దుకాణాల అద్దాలు చెబుతాయి. లైబ్రరీలు కూడా ఆ పనిలో ఏమీ వెనకబడవు. ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరి దగ్గర ఒక కాలేజీ లైబ్రరీలో, గుమ్మం దాటగానే పొడవాటి అద్దాల బీరువా ఒకటి ఎదురయ్యేది. అక్టోబరులో అందులో గుమ్మడికాయలు, ఎర్రబారిన ఆకులు, దయ్యాల కథల పుస్తకాలు ఉండేవి. నవంబరులో టర్కీ కోడి బొమ్మ, వంటల పుస్తకాలు. డిసెంబరులో పశువుల పాక, నక్షత్రం. మార్చి వచ్చేసరికి తోటపని పుస్తకాలు, పక్క బల్ల మీద ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు. ఇదంతా ముచ్చటగా సర్దిపెట్టే మనిషి ఏ అమెరికన్ అమ్మాయో అనుకునేరు. ఆవిడ గుంటూరు జిల్లా మనిషి, పేరు దీనమ్మ.

1980ల మొదట్లో సంగతి ఇది. దీనమ్మ భర్త రత్నరాజు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు లైబ్రరీ, ఇదీ ఆవిడ లోకం. ఆ లోకంలోకి వసుమతి వచ్చింది. పెళ్ళయి కొత్తగా దిగిన పిల్ల. భర్త కృష్ణమోహన్ పొద్దున వెళ్తే రాత్రికి గాని రాడు. ఊసుపోక కాలేజీలో అకౌంటింగ్ క్లాసులో చేరి, లైబ్రరీలో తెలుగు ముఖం కనబడగానే ప్రాణం లేచొచ్చినట్టు అతుక్కుపోయింది. దీనమ్మ ఆ పిల్లకు చర్చి వెనక పార్కింగ్ లాట్‌లో కారు నడపడం నేర్పింది. తొలి కాన్పుకి వసుమతి తల్లికి వీసా రాకపోతే, సెలవు పెట్టి పురుడు చూసింది, పథ్యం వండి పెట్టింది. ఆ పథ్యం తిన్నన్నాళ్ళూ దీనమ్మ ఇంటిపేరేమిటో వసుమతికి అవసరం కాలేదు. "దీనక్కా, నువ్వు లేకపోతే నేనేమయ్యేదాన్నో" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేననను. అబద్ధమైతే ఈ కథ ఇంత బాధగా ఉండేది కాదు.

పిల్లాడు పుట్టిన మరుసటి ఏడు వసంతకాలానికి ఏదైనా కొత్తగా చేద్దామని లైబ్రరీ పెద్దావిడ మిసెస్ నొవాక్ అడిగింది. దీనమ్మ, మాకు ఉగాది అని కొత్త సంవత్సరం ఉందనీ, మా ఏడాదికి నాలుగు కాదు, ఆరు ఋతువులనీ చెప్పింది. మిగతా రెండూ ఎక్కడ దాచారని మిసెస్ నొవాక్ తెగ ముచ్చటపడి, అద్దాల బీరువా మొత్తం ఉగాదికే ఇచ్చేసింది. ఊళ్ళోని తెలుగు కుటుంబాలన్నిటినీ పిలవమంది.

దీనమ్మ ఇంట్లో ఉగాది చెయ్యరు. అయినా తెలుగువాళ్ళ సంవత్సరం తనది కాకుండా ఎలా పోతుంది అనుకుంది. రంగు కాగితాలు కత్తిరించి వసంతం నుంచి శిశిరం దాకా పెద్ద తెలుగు అక్షరాల్లో పేర్లు తయారు చేసింది. ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ దులిపింది. బైబిలు, కీర్తనల పుస్తకం మాత్రం తీసి పక్కన పెట్టింది. ఎవరైనా నొచ్చుకుంటారేమోనని ఆవిడ భయం. ఇండియా నుంచి వచ్చిన ఎండు వేపపువ్వు, ఇత్తడి సామాను తాను తెస్తానని వసుమతి మాటిచ్చింది. పచ్చడిలోకి మామిడికాయ దొరక్కపోతే పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ వేద్దామని ఇద్దరూ నవ్వుకున్నారు. ఇన్నేళ్ళకు ఆ బీరువాలో తన భాష తనకు కనబడబోతోందని దీనమ్మకు కాలు నిలవలేదు.

ఆ వారాంతంలో తెలుగు అసోసియేషన్ పెద్ద దిక్కు రాధారాణిగారింట్లో భోజనాలు. వసుమతే దీనమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది. రాధారాణి ఆప్యాయంగా పలకరించింది. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, మీ నాన్నగారేం చేసేవారు అని ఒక్కొక్కటే అడిగింది. జవాబులు పూర్తయ్యేసరికి ఆప్యాయత కూడా పూర్తయింది. కాసేపటికి దీనమ్మ పళ్ళేలు తీసుకుని వంటింటి వైపు వెళ్తుంటే లోపల రాధారాణి గొంతు వినిపించింది.

"ఆవిడ మనవాళ్ళేనా వసూ?"

ఈ మాటకు అర్థం పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. విమానంలో ఎంత దూరమైనా బరువు తూచకుండా తెచ్చుకోగలిగిన సామాను ఇదొక్కటే. గుమ్మం అవతల దీనమ్మ పళ్ళేలతోనే వసుమతి జవాబు కోసం నిలబడింది. వసుమతి పులుసులో ఉప్పు చూడమంటారా పిన్నిగారూ అని అడిగింది. ప్రశ్న సరిగా వినబడలేదేమోలే అని దీనమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇష్టమైన మనిషి కోసం మనం ఎన్ని సాకులైనా వెతుకుతాం.

ఆ తర్వాత వసుమతి లైబ్రరీకి రావడం తగ్గింది. ఫోన్ చేస్తే పిల్లాడికి జలుబు అనేది. ఒకరోజు పొద్దున్నే మిసెస్ నొవాక్ సంబరంగా వచ్చి, నీ స్నేహితురాలు నాకు ఫోన్ చేసిందని చెప్పింది. ఈ ఉగాది బీరువా "అవర్ ఓన్ పీపుల్" చేతుల మీదుగా జరగాలని వాళ్ళందరి కోరికట. తానూ అదే అనుకుందట. మేం అమెరికన్లం, బయటివాళ్ళం, ఇందులో వేలు పెట్టకూడదు, కాబట్టి మొత్తం నీకే అప్పగిస్తున్నాను, బీరువాలో పెట్టే కార్డు మీద ఇది చేసినదానిగా నీ ఒక్కదాని పేరే వేద్దాం అంది.

దీనమ్మ థాంక్స్ చెప్పింది. చెప్పి, పుస్తకాల అరల మధ్యకు వెళ్ళి నిలబడిపోయింది. ఆ అమెరికన్ ఆవిడ విన్నది ఇంగ్లీషు మాట. దీనమ్మకు వినబడింది దాని వెనక ఉన్న తెలుగు మాట. తనను తప్పించమని చేసిన ఫోను అది. పాపం, తెలుగువాళ్ళలో మళ్ళీ మనవాళ్ళు, పరాయివాళ్ళు ఉంటారని మిసెస్ నొవాక్‌కి తట్టలేదు. రాధారాణి మాట దీనమ్మకు కొత్త కాదు, అది చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ ఫోన్ చేసింది వసుమతి. నమ్మిన మనిషి చేసిన ద్రోహం పరాయివాళ్ళ అవమానం కంటే వంద రెట్లు ఎక్కువ నొప్పిపెడుతుంది.

ఉగాదికి ముందురోజు వసుమతి పెద్ద అట్టపెట్టెతో వచ్చింది. బయట మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. బీరువా దగ్గర దీనమ్మ శరత్తు అనే అక్షరాలు అతికిస్తూ కనబడేసరికి ఠక్కున ఆగిపోయింది.

"నువ్వు చేస్తున్నావేంటి దీనక్కా? మిసెస్ నొవాక్ నీకేం చెప్పలేదా?"

"చెప్పింది. మనవాళ్ళే చెయ్యాలని నువ్వు ఫోన్ చేశావట. అందుకే నన్ను చెయ్యమంది."

వసుమతి ముఖం పాలిపోయింది. పెట్టె కింద పెట్టింది.

"అది నా మాట కాదక్కా. రాధారాణి పిన్నిగారూ వాళ్ళూ ఫీలయ్యారు. పండగ కదా, మనవాళ్ళు చేస్తే బావుంటుందని. రేపు మావాడు పెరిగితే వాళ్ళ పిల్లలతోనే మూవ్ అవ్వాలి కదా. నువ్వైతే అర్థం చేసుకుంటావనుకున్నాను."

"వాళ్ళేమన్నారో నాకు తెలుసులే. నువ్వేమన్నావు?"

అంతలో మిసెస్ నొవాక్ అటుగా వచ్చింది. అక్షరాలు చూసి మురిసిపోయి, మీరు కోరినట్టే మీ మనిషే చేస్తోంది, మీకు తృప్తేనా అని వసుమతిని అడిగింది. వసుమతి ఒక్క క్షణం తడబడింది. వెంటనే నవ్వు తెచ్చుకుంది.

"యెస్, యెస్. షీ ఈజ్ వన్ ఆఫ్ అస్" అంది.

మిసెస్ నొవాక్ సంతోషంగా వెళ్ళిపోయింది. దీనమ్మ జిగురు అంటిన వేళ్ళు తుడుచుకుంది.

"వసూ, ఇప్పుడు ఆవిడతో అన్న మాట ఒక్కసారి తెలుగులో అను. రాధారాణిగారి ముందు అనక్కర్లేదు. ఇక్కడే, నా ఒక్కదానితో అను."

వసుమతి నోరు తెరిచింది. "నువ్వు..." అని ఆగింది. పెదవులు కదిలాయి, కళ్ళు నిండాయి, మాట మాత్రం రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి దీనమ్మే అట్టపెట్టె విప్పింది. ఇత్తడి గిన్నె, వేపపువ్వు పొట్లం తీసి, వాటికి తగిన చోట జాగ్రత్తగా పెట్టి, బీరువాకు తాళం వేసింది.

"ఇంక నన్ను అక్కా అనకు. దీనమ్మగారూ అంటే చాలు" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే వసుమతి కాళ్ళా వేళ్ళా పడి బతిమాలుకునేదేమో.

మర్నాడు తెలుగు కుటుంబాలన్నీ పట్టుచీరల మీద కోట్లు తొడుక్కుని వచ్చాయి. ఆరు ఋతువుల ముందు ఫోటోలు దిగారు. తెలుగువారి సంస్కృతి అందరినీ కలుపుకుపోయే సంస్కృతి అని రాధారాణిగారు మిసెస్ నొవాక్‌కి విపులంగా చెప్పారు. కార్డు మీద పేరు చదివినవాళ్ళు మాట మార్చారు. చివరికి అందరూ వెళ్తుండగా, వసుమతి పిల్లవాణ్ణి ఎత్తుకుని దీనమ్మ బల్ల దగ్గరికొచ్చింది.

"చాలా బాగా చేశారు దీనమ్మగారూ" అంది.

దీనమ్మ తల ఊపింది. అంత మర్యాదగా ఆవిణ్ణి ఆ ఊళ్ళో తెలుగువాళ్ళెవరూ అంతకుముందు పిలవలేదు. అంత పరాయిదాన్నీ చెయ్యలేదు.

పాఠకులారా, ఇంగ్లీషులో అయితే మనమందరం ఒక్కటేనని తెల్లవాళ్ళ ముందు ఎంతో ధైర్యంగా చెప్పేస్తాం. ఆ మాటనే తెలుగులో, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ చెప్పలేనంత కాలం, మనం ఎన్ని ఉగాదులు చేసుకున్నా మనకు కొత్త సంవత్సరం రానట్టే.