రాగి మేకుల విమానం

హంగేరీ నుంచి వచ్చిన యానోష్‌కు తెలిసిన విద్యలు రెండే. విమానం నడపడం, దాని ముక్కుకు కర్ర పంకా చెక్కడం. సముద్రపు ఒడ్డున చేపలు పట్టే పల్లె మైపాడులో ఆ రెండిటితోనూ ఎవరికీ పనిలేదు. అయినా అక్కడే గుడిసె వేసుకుని, సొంతంగా ఒక కర్ర విమానం కట్టుకున్నాడు. 1961లో ప్రభుత్వం కబురు పెట్టింది: అధికారి వచ్చి చూస్తాడు, విమానం ఎగిరితే ఉండొచ్చు, లేకుంటే దేశం వదలాలి. సొంత దేశం అతన్ని రానివ్వదు.

అధికారి వచ్చే ముందురోజు పంకాను ఇనుప కడ్డీ మీద ఆనించి చూశాడు. రెండు రెక్కలూ సమంగా తూగాయి. మురిసిపోయి అన్నానికి వెళ్లాడు. అదే అతను చేసిన తప్పు.

వచ్చేసరికి ఒక రెక్క కిందికి వాలిపోయి ఉంది. దానికి పసుపు పూసి రాగి మేకు దిగ్గొట్టారు. పక్కనే పడవల పెద్ద చిన్నపోలయ్య భార్య కామమ్మ, చేతిలో సుత్తి.

"ఏం చేశావమ్మా?"

"కొత్త కొయ్యకు మేకు కొట్టకుండా ఎట్టా వదిలేది? కొట్టినోళ్లకి పడవలో వాటా. మా తాతల కాలం నుంచీ అంతే గదా."

"పీకెయ్. బరువు తేడా వస్తుంది."

"కొట్టిన మేకు పీకితే నడిపేవోడు పోతాడు దొరా. నీ ఇష్టం."

యానోష్ ఆలోచించి, రెండో రెక్కకూ ఒకటి కొట్టమన్నాడు. ఒకే మనిషికి రెండు వాటాలు కూడవంది కామమ్మ. ఆమెతో మాటల్లేని పిచ్చమ్మ అప్పటికే మేకు పట్టుకుని నిలబడి ఉంది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. కామమ్మ మరిది ఇటు కొడితే పిచ్చమ్మ తమ్ముడు అటు కొట్టాడు. పొద్దుగూకేసరికి ఊళ్లో వాటా లేనివాడు లేడు. పంకాకు కొయ్య కనబడలేదు.

కడ్డీ మీద పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా తూగింది. అంత సమంగా యానోష్ జన్మలో చెక్కలేదు. పగకు అంత లెక్క ఉంటుంది.

మర్నాడు అధికారి గొడుగు వేసుకుని ఇసుకలో నిలబడ్డాడు. యానోష్ ఎక్కగానే విమానం గర్జించింది, పరిగెత్తింది, మేకుల బరువుకు జానెడు కూడా లేవలేదు. తిన్నగా సముద్రంలోకి దిగి, తేలుతూ అలలు దాటింది.

"చూడండి సామీ, మా పడవ!" అని అరిచింది కామమ్మ.

"నీదెట్టయిందే? సగం మాది!" అంది పిచ్చమ్మ.

అధికారి కలం తీశాడు. "విమానంగా పనికిరాదు. పడవగా బాగానే పోతోంది. ఊరంతా భాగస్తులున్నవాణ్ణి ఎక్కడికని పంపేది?" అని, ఉండనిస్తూ సంతకం చేసి బస్సెక్కాడు.

జనం విమానాన్నీ, అలల్లో తడిసి ముద్దయిన యానోష్‌నూ ఒడ్డుకు ఈడ్చారు. అతను ఉప్పునీళ్లు కక్కుతూ ఆకాశం వైపు చూశాడు.

"అక్కడేముంది దొరా? రేపు వేటకు పోవాల, రా," అన్నాడు చిన్నపోలయ్య.

"నా వాటా?"

"నువ్వు మేకు కొట్టలేదు గదా. కూలికి రా."

యానోష్ వెళ్లాడు.