జేబులో స్పోక్ కీ

పక్కవాడి సైకిల్ చూసి కన్నుకుట్టే మనిషి దణ్ణం పెడితే అది దేవుడికి చేరుతుందా అని టైలర్‌కి తొమ్మిదేళ్లుగా అనుమానం. పక్కవాడంటే మరెవరో కాదు, సొంత బావమరిదే.

ఆదివారం ఉదయం పార్కు గేటు దగ్గర పాత స్టీలు సైకిళ్లంటే మోజున్నవాళ్లందరూ చేరారు. బావమరిది తొమ్మిదేళ్ల కిందట తన చేతులతో గొట్టాలు అతికించి తయారుచేసుకున్న ఆకుపచ్చ సైకిల్ చుట్టూ ఎప్పటిలాగే మూగారు. "తోలు సీటుకి నూనె మరీ పట్టించకండి, కుంగిపోతుంది," అని అతను చెబుతుంటే చెవులప్పగించి విన్నారు.  టైలర్ సైకిల్ వైపు ఒక్కరూ తొంగిచూడలేదు.

ఇంతలో వాళ్లలో ఒక నర్సమ్మ వంగి ఆ ఆకుపచ్చ సైకిల్ చక్రం చూసింది. "అందరికీ సలహాలు చెబుతారు, మీ స్పోకుల నట్లేంటండీ ఇలా అరిగిపోయాయి? ఎలుకలు కొరికాయా?"

"వీటిని బిగించే పాత సైజు కీ ఎక్కడా దొరకట్లేదమ్మా. పటకారుతో తిప్పుతున్నా," అన్నాడు బావమరిది, టైలర్ వైపు చూడకుండా.

అందరూ గొల్లున నవ్వారు. టైలర్ ఇన్నేళ్లూ కోరుకున్న నవ్వే అది. తీరా వినబడ్డాక మాత్రం అతనికి ముఖం చెల్లలేదు. ఏళ్ల కిందట ఒక్కరోజుకని బావమరిదిని అడిగి తీసుకున్న ఆ కీ తన జేబులోనే ఉంది. ఇచ్చేద్దామని ప్రతి ఆదివారం తెచ్చేవాడు. ఆ ఆకుపచ్చ సైకిల్ చూడగానే మనసొప్పక వెనక్కి పట్టుకుపోయేవాడు.

"ఇదిగోరా, నీదే," అంటూ దాన్ని బావమరిది అరచేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్లయినా తుప్పు పట్టలేదే బావా!"

"వారంవారం నూనె రాస్తూనే ఉన్నానురా," అన్నాడు టైలర్ తల వంచుకుని.