రెండు ఆషాఢాల హాజరు

పంతొమ్మిదివందల అరవై తొమ్మిదిలో ఆషాఢాలు రెండొచ్చాయి. పంచాంగం తెలిసినవాళ్ళకి అదేమీ వింత కాదు. కొన్నేళ్ళకోసారి ఏదో ఒక నెల అధికమై రెండుసార్లు వస్తూనే ఉంటుంది. కాని జ్యేష్ఠంలో పెళ్ళి చేసుకున్న కన్యాకుమారికి మాత్రం, అన్ని నెలలుండగా ఆషాఢమే ఇలా జంటగా రావడం తన మీద పగబట్టినట్టే అనిపించింది. ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాం మొహం చూడకూడదు. ఒక నెలంటే మామిడితాండ్ర చప్పరిస్తూ పుట్టింట్లో గడిపేయొచ్చు. రెండు నెలలకి ఎంత తాండ్రని చాలుతుంది?

"అధికమాసం ఉత్తి లెక్క కోసమే కదత్తా. అసలు ఆషాఢం రెండోదేనట" అని రాయబారం నడిపింది.

"పేరు ఆషాఢమా, కాదా? ఆషాఢమైతే రెండూ పాటించాల్సిందే" అంది అత్త మహాలక్ష్మమ్మ.

మహాలక్ష్మమ్మ కన్యాకుమారికి సాక్షాత్తూ మేనమామ భార్య. విజయనగరంలో వాళ్ళింట్లోనే ఉండి కన్యాకుమారి పి.యు.సి., ఆపైన బి.కాం. రెండేళ్ళు చదివింది. ఆ ఇంట్లోనే పెరిగిన బావ నరసింగరావు వాల్తేరులో ఎం.కాం. ముగించుకొచ్చి, ఆమె చదివే కాలేజీలోనే లెక్చరరుగా చేరాడు. దాంతో ఇంట్లో 'బావా' అన్న నోటితోనే క్లాసులో 'సార్' అనాల్సి వచ్చేది. ఇప్పుడు మూడో ఏడు. ఆ బావే మొగుడు కూడా అయ్యాడు.

"రోజూ మీ గజపతినగరం నుంచి రైల్లో వచ్చి సదువుకుని పో. ఎవులొద్దన్నారు? మా గడపెక్కకు, వాడి కల్లబడకు, అంతే" అంది మహాలక్ష్మమ్మ.

"కల్లబడకుండా ఎలాగత్తా? ఆడిటింగు సెప్పేది బావే గదా."

"వాణ్ని నీకేసి సూడొద్దని సెప్పేను. మాటిచ్చేడు. నా కొడుకు మాట తప్పడు."

తప్పలేదు. అక్కడే వచ్చింది తంటా.

జులై ఒకటిన కాలేజీ తెరిచారు. ఆడిటింగు క్లాసులు వారానికి మూడు: మంగళవారం, గురువారానికి ఊరి పేరైన లక్ష్మివారం, శనివారం. క్లాసులో నలభై ఒక్కమంది అబ్బాయిలు, కిటికీ పక్క బెంచీ మీద కన్యాకుమారి ఒక్కతే. కొత్త చీర గంజివాసనా, తలలో మల్లెలూ, చేతికి ఇంకా వదలని పెళ్ళి గోరింటాకూ అన్నీ సర్దుకుని కూర్చుంది. నరసింగరావు వచ్చాడు. రిజిస్టరు మీద పెట్టిన చూపు హాజరు పిలిచినంతసేపూ ఎత్తలేదు. "ముప్పై రెండు" అన్నాడు. "ప్రెజెంట్ సార్" అంది కన్యాకుమారి, వీలైనంత తియ్యగా. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ తరవాత తలెత్తాడు, కాని సూటిగా పైకప్పుకేసి. గంటసేపూ తిరగని పంకాకి ఆడిటింగు బోధించాడు.

"మాస్టారు పాఠం పంకాకి సెప్తన్నారు. మనం ఎల్లిపోవచ్చేటి?" అన్నాడు వెనక బెంచీలోంచి సింహాచలం.

సింహాచలం కాలేజీ నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. అతను చీర కట్టి ఏడిస్తే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవారు. ఆ గొంతుకి కాలేజీలో ఇంకో ఉపయోగం కూడా ఉండేది. రానివాళ్ళ తరఫున హాజరు పలకడం.

పంకాకి చెప్పిన మొదటి పాఠం ఇది. "ఆడిటరు అనేవాడు తన కంటితో చూడనిదానికి సంతకం పెట్టకూడదు. గోదాములో వంద గోగునార కట్టలున్నాయని యజమాని ఒట్టేసి చెప్పనీ. వెళ్ళి చూడాలి. చూస్తేనే ఉన్నట్టు."

కన్యాకుమారి ఆ ముక్క శ్రద్ధగా రాసుకుంది. నోట్సు చివరి పేజీలో కొత్త ఇంటిపేరుతో తన పేరు రాసుకుని, పక్కన 'బి.కాం.' అని తగిలించి, బాగుందో లేదో తల వంచి చూసుకుంది. బాగుంది. ఇటు పుట్టింటి వైపూ అటు మెట్టినింటి వైపూ ఆ రెండక్షరాలు ఏ ఆడపిల్ల పేరు పక్కనా లేవు. తండ్రి జగన్నాధం మొదట్లో బి.ఏ. చదవమన్నాడు. బి.ఏ. అయితే ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా పరీక్ష కట్టొచ్చని ఆయన లెక్క. బి.కాం.కి ఆ వీలు లేదు, కాలేజీకి వెళ్ళి తీరాలి. వెళ్ళి తీరాలన్నందుకే కన్యాకుమారి బి.కాం. కోరుకుంది.

రెండోవారంలో ఆమెకి ఇంకో సంగతి తెలిసింది. పాఠం మధ్యలో కిటికీలోంచి ఇంగువ తిరగమోత వాసనొచ్చింది. ఓరకంట చూస్తే వరండా అరుగు మీద క్యారేజీ, దాని పక్కన అత్త జరీ అంచు. కొడుకు మాట నిలబెట్టుకుంటున్నాడో లేదో కనిపెట్టడానికి, పన్నెండున్నర భోజనాన్ని మహాలక్ష్మమ్మ మొదటిరోజు నుంచీ పదిన్నరకే మోసుకొస్తోంది. కన్యాకుమారి ఏమీ ఎరగనట్టు జడ ముందుకి వేసుకుని, మరికాస్త వయ్యారంగా కూర్చుంది.

ఆగస్టు పన్నెండు మంగళవారం. ఆషాఢం ఇంకొక్కరోజే ఉంది. పొద్దున్న నోటీసు బోర్డు దగ్గర అబ్బాయిలు గుమిగూడి, ఆమెని చూసి దారిచ్చారు. అలా దారివ్వడమే అపశకునంలా తోచింది. హాజరు చాలనివాళ్ళ జాబితా అది. ఆడిటింగులో మొదటి పేరు ముప్పై రెండో నంబరుది. జరిగిన క్లాసులు పద్దెనిమిది, వచ్చినవి సున్నా.

కన్యాకుమారి రెండుసార్లు చదివింది. ఆడిటింగు దసరాకల్లా ముగిసిపోతుంది. మొత్తం నలభై క్లాసులు. నూటికి డెబ్భై అయిదు, అంటే ముప్పై ఉంటేనే పరీక్షకి కూర్చోనిస్తారు. ఇకమీద ఒక్కటీ మానకపోయినా ఇరవై రెండు దాటవు. ఫీజు కట్టి మాఫీ చేయించుకోవడానికైనా చాలవు. ఏడాది పోయినట్టే. ఏడాది పోతే ఆ తరవాతేమవుతుందో తండ్రి ముందే చెప్పాడు. "పెళ్ళయ్యేక మరింకో ఏడు సదువేటి? ఈ ఏడు అయితే అయినట్టు, నేకపోతే నేనట్టు."

సాయంత్రం ప్రిన్సిపాలు సంతకం పెడితే జాబితా యూనివర్సిటీకి వెళ్ళిపోతుంది. మొగుణ్ణి చాటుకి పిలిచి నిలదీద్దామంటే ఆషాఢం. మిగిలింది క్లాసు ఒక్కటే.

హాజరు అయ్యాక లేచి నిలబడింది. "సార్, సందేహం."

"అడగండి" అన్నాడు నరసింగరావు పంకాతో.

"గోదాములో సరుకుంది సార్. ఆడిటరు గోదాము దాకా వెళ్ళాడు. వెళ్ళి కళ్ళు మూసుకున్నాడు. సరుకు నోరు తెరిచి ఉన్నానని చెప్పింది కూడా. అయినా లేదని రాసేశాడు. తప్పు సరుకుదా, ఆడిటరుదా?"

క్లాసంతా సర్దుకుని కూర్చుంది. ఇలాంటి పాఠం సిలబస్సులో లేదు.

"సరుకు చెప్పిందనడానికి రుజువు లేదు. ఈ గోదాములో సరుకు గొంతుతో పలకగలవాళ్ళు ఇంకా ఉన్నారు" అన్నాడు నరసింగరావు.

నలభై తలలు సింహాచలం వైపు తిరిగాయి. అతను సభలో దండ వేయించుకున్నవాడిలా చేతులు జోడించాడు.

"మరి ఆడిటరు కళ్ళెందుకు మూసుకున్నట్టు సార్?"

"అది ఆయన ఇంటి సంగతి."

"ఆయన ఇంటి సంగతికి సరుక్కి ఏడాది పోవాలా సార్?"

ఈ మాట చమత్కారంగా అందామనుకుంది. నిజం ప్రశ్నే అయి కూచుంది. నరసింగరావు మెడ కిందికి దిగబోయి, మాట గుర్తొచ్చి మళ్ళీ పైకి లేచింది.

"చూసే వీలు లేనప్పుడు మూడో మనిషి ధ్రువపత్రం తీసుకోవచ్చు" అన్నాడు చివరికి. "క్లాసులో వాళ్ళది చెల్లదు, వీళ్ళ సంగతి నాకు తెలుసు. కంటితో చూసిన మనిషి కావాలి. అబద్ధమాడితే ఒరిగేదేమీ లేని మనిషి. సరుకు మీద మరీ అంత ప్రేమ లేకపోతే ఇంకా మంచిది."

కిటికీ అవతల క్యారేజీ గిన్నె ఒకటి చప్పుడైంది.

కన్యాకుమారి అటు తిరిగింది. "అత్తా, ఇన్నావు గదా."

మహాలక్ష్మమ్మ ముందు రెండే దారులున్నాయి. కొడుకుని కాపలా కాశానని నలభై రెండుమంది ముందు ఒప్పుకోవాలి, లేదా కోడలు బి.కాం. పరీక్ష రాస్తుందని వీధంతా చెప్పుకున్న గొప్పని గంగలో కలుపుకోవాలి. కిటికీ ఊచల మధ్య ముందు జరీ అంచు, తరవాత ముక్కుపుడక కనిపించాయి.

"నాను సూసేను" అంది.

"అమ్మా, నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నాడు నరసింగరావు పంకాకేసే చూస్తూ.

"క్యారేజీ అట్టుకొచ్చేను."

"ఇంకా పదకొండైనా కాలేదు."

"ముందొస్తే సల్లారిపోద్దేటి? నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు, అదీ సూసేను. ఒక్కనాడు కిందకి సూస్తే ఒట్టు. మెడ పట్టేస్తాదని నువ్వులనూని కాసుంచేను."

క్లాసు పొట్టలు పట్టుకుంది. నరసింగరావు బల్ల తట్టి, "లోపలికొచ్చి చెప్పు" అన్నాడు.

"ఆ గడప అదీ దాటింది. నాను దాటను. ఇక్కణ్ణించే సెప్తాను, రాసుకో." మహాలక్ష్మమ్మ ఊచ పట్టుకుని మొదలుపెట్టింది. "మొదటి మంగళారం సిలకపచ్చ సీర. నానెట్టిందే. లచ్చివారం కాఫీరంగు వాయిలు. శనివారం మల్లీ సిలకపచ్చ, ఇస్త్రీ నేదు. ఆ మీద మంగళారం నేరేడుపండు రంగుది, అంచు కింద చిన్న చిరుగున్నాది, కుట్టుకోనేదు."

కన్యాకుమారి అప్రయత్నంగా కుచ్చిళ్ళు సర్దుకుంది. సాక్ష్యం సాగింది. ఏ రోజు ఏ చీరో, తలలో మల్లెలో కనకాంబరాలో, ఏ రోజు రైలాలస్యమై ఆయాసపడుతూ వచ్చిందో ఒక్కటీ పొల్లుపోలేదు.

"ఆ మీద శనివారం ఇది నిద్దరోయింది. సెయ్యి మీద తలెట్టి సుబ్బరంగా."

"నిద్రపోతే హాజరవుతుందా సార్?" అన్నాడు సింహాచలం.

"మనిషి ఉండాలనే రూలు. మెలకువగా ఉండాలని లేదు. ఉంటే ఇందులో ఒక్కరూ పరీక్షకి వెళ్ళరు" అన్నాడు నరసింగరావు, పెన్సిలుతో టిక్కులు పెడుతూ. "తరవాత?"

"తరవాత మంగళారం, సెంద్రుడి మీద ఎవులో దిగేరని పేపర్లో పడింది సూడు, ఆ రోజు." ఆగింది. "ఆ రోజిది రానేదు."

క్లాసులో నవ్వులు ఆగిపోయాయి. కన్యాకుమారి కళ్ళు మూసుకుంది. ఆ రోజు స్టేషను నుంచి కాలేజీకి వస్తుంటే, చిన్నప్పటి స్నేహితురాలు గున్నమ్మ పనసకాయ కోస్తున్నానని కేకేసింది. పనస తొనలకీ ఆడిటింగుకీ పోటీ పెడితే, తొనలదే గెలుపు.

"సరిగ్గా చూశావా?" అన్నాడు నరసింగరావు. "ఆ రోజు ముప్పై రెండు పలికింది. మిగతా రోజులకంటే మధురంగా పలికింది."

"సీరా నేదు, మనిషీ నేదు. బెంచీ ఉత్తిది."

సింహాచలం పెన్ను కింద పడినట్టుంది, వెతుక్కోవడానికి బెంచీ కిందికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఒక్కరోజు అబద్ధం బయటపడ్డాక మిగతా రోజులు ఎవరు నమ్ముతారు? కాని నరసింగరావు పెన్సిలు పక్కన పెట్టి ఎర్రసిరా కలం తీశాడు. అతని పెదవి చివర నవ్వొకటి తొంగిచూసింది.

"పద్దెనిమిదికి పద్దెనిమిదీ చూశానంటే నమ్మేవాణ్ణి కాదు. సొంత కోడలి రోజే ఒకటి కొట్టేసిన సాక్షిని కాదనడానికి ఏ పుస్తకంలోనూ వీల్లేదు" అన్నాడు.

ధ్రువపత్రం అప్పటికప్పుడు రాయించాడు. కన్యాకుమారి దాన్ని కిటికీ దాకా తీసుకెళ్ళి ఊచల్లోంచి అందించింది. అయిదో క్లాసు దాకా చదివిన మహాలక్ష్మమ్మ, క్యారేజీ మూత మీద కాగితం పెట్టుకుని, తన పేరులో ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా నిలబెట్టింది.

"పనసపండు తిన్నావు గదే" అంది కాగితం తిరిగిస్తూ, మెల్లిగా. "ఆ లచ్చివారం నీ పుస్తకాలు ఇక్కడిదాకా వాసనేసేయి. నాకో తొన తేవాలని తోచనేదా?"

సాయంత్రం ప్రిన్సిపాలు సంతకానికి వెళ్ళిన జాబితాలో ముప్పై రెండో నంబరు లేదు. రిజిస్టరులో పదిహేడుచోట్ల ఎర్రసిరా దిద్దుబాటు, ప్రతిదాని పక్కనా నరసింగరావు పొడి సంతకం ఉన్నాయి. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కన్యాకుమారి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. నలభైలో పది మానొచ్చు. పనసపండు ఒకటి తినేసింది. తొమ్మిదున్నాయి. తొమ్మిది సెలవులు చేతిలో ఉన్న మనిషికి గజపతినగరం దాకా పొలాలన్నీ ఎంత పచ్చగా కనిపిస్తాయో అంత పచ్చగానూ కనిపించాయి.

లక్ష్మివారం శ్రావణం వచ్చింది. పదిన్నరకి గంట కొట్టారు. క్లాసులో నలభై ఒక్కమంది అబ్బాయిలూ సిద్ధంగా కూర్చున్నారు, ఇన్నాళ్ళకి మాస్టారు తల దించి పాఠం చెప్పే ముచ్చట చూద్దామని. కిటికీ పక్క బెంచీ ఖాళీ. కాసేపటికి ప్యూను వచ్చి, నరసింగరావు గారు సెలవు చీటీ పంపించారని చెప్పాడు. అలవాటు కొద్దీ అరుగు మీద కూర్చున్న మహాలక్ష్మమ్మ ఖాళీ బెంచీకేసి, ఖాళీ కుర్చీకేసి చూసింది. క్యారేజీ విప్పి, "రండ్రా, సల్లారిపోతాది" అని సింహాచలాన్నీ వెనక బెంచీ వాళ్ళనీ పిలిచి పులిహోర పెట్టేసింది.

ఆ వేళకి రాయగడ వెళ్ళే పాసింజరులో ఇద్దరు మనుషులు ఒకే కిటికీలోంచి తొంగిచూస్తూ, ఒకే పొట్లంలోంచి ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు వలుచుకుంటున్నారు. ఎక్కడ దిగాలో ఇంకా అనుకోలేదు. నరసింగరావు కాయ వలవడం మానేసి చాలాసేపటినుంచి పక్కకే చూస్తున్నాడు.

"సార్" అంది కన్యాకుమారి, "ఈ రోజు హాజరు పోయినట్టేనా?"

"లెక్చరరు రాని క్లాసు జరిగినట్టు కాదు. రూలు."

అంటే ఆ తొమ్మిదీ తొమ్మిదిగానే ఉన్నాయన్నమాట. రెండు నెలల చూపు బాకీ ఒక్కరోజులో తీర్చాలని చూస్తున్న మొగుడి చేతిలోంచి, ఒలిచిన గింజలన్నీ కన్యాకుమారి ఒక్క దెబ్బలో నోట్లో వేసుకుంది.