మూడడుగుల లోతు

ఫ్యాన్ల కొట్టాయన కొత్త ఇంట్లో ఏడు ఫ్యాన్లు వేలాడుతున్నాయి. ఎనిమిది నెలలైనా ఒక్కటీ తిరగలేదు. కరెంటు లైను రాలేదు.

ఈ ఎనిమిది నెలల్లో అతను కరెంటాఫీసుకి పదిహేడుసార్లు వెళ్ళాడు. ఎవరైనా అడిగితే, ఫ్యాన్లకు బదులు నేనే తిరుగుతున్నానని చెప్పేవాడు. తర్వాత తర్వాత అడిగేవాళ్ళూ మానేశారు, అతనూ చెప్పడం మానేశాడు. ఆదివారానికి అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి. అక్కడ దిగబోయేవాళ్ళు అప్పుడే వచ్చి కర్టెన్లకు కిటికీలు కొలుచుకున్నారు. టేపు రెండో కొస అతని భార్య చేతికే ఇచ్చారు.

గురువారం పొద్దున, చెప్పాపెట్టకుండా లైన్‌మన్ వచ్చాడు. గేటు దగ్గర నిలబడి నేల వంక చూశాడు.

“గొయ్యి ఏదండీ?”

“పూడ్చేశాం. కేబులు కిందే ఉంది. మీరు చెప్పినట్టే మూడడుగుల లోతు.”

“నేను చూడాలి కదా.”

“మా మేస్త్రీ ఫొటో తీశాడు.”

“ఫొటోలో లోతేం తెలుస్తుందండీ? నా కర్ర దిగాలి, నేను సంతకం పెట్టాలి. పక్క వీధిలో పనుంది, నాలుగింటికి వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే మీ కాగితం మళ్ళీ కట్ట అడుగుకి పోతుంది. ఇంకో మూడు నెలలు.”

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలుసు. గొయ్యి తవ్విన వారం, చూడాల్సినవాడు రాలేదు. టైల్స్ మేస్త్రీ గోడ నీడన కూర్చుని టీ తాగుతున్నాడు. ఖాళీ అర గానీ ఖాళీ చెయ్యి గానీ కనపడితే కంట్లో నలుసు పడ్డట్టుండే మనిషి ఈ కొట్టాయన. ఇరవయ్యేళ్ళు కొట్టు అలాగే నడిపాడు. “ఊరికే కూర్చోవడమెందుకు, పూడ్చి టైల్స్ వేసెయ్” అన్నాడు. ఒక పూట కలిసొచ్చిందని లెక్క వేసుకున్నాడు. ఆ పూటే ఇప్పుడు మూడు నెలలై ఎదురు నిలబడింది.

మేస్త్రీకి ఫోన్ చేస్తే, వేరేచోట స్లాబు వేస్తున్నాం, కదల్లేనన్నాడు. బావమరిది గునపం, పార తెచ్చాడు.

“బావా, ఒక్కమాట, కోప్పడకు. ఈ టైల్స్ మా అక్క పదకొండు కొట్లు తిరిగి ఎంచినవి. నేను పొడిచానంటే ఈ జన్మలో మీ ఇంట్లో నాకు అన్నం పుట్టదు. మొదటి పోటు నువ్వే వెయ్యి.”

“మీ అక్కే కదా, చనువు నీకే ఎక్కువ. నువ్వే వెయ్యి.”

ఇద్దరూ గునపం వంక చూస్తూ నిలబడ్డారు. లోపలినుంచి అతని భార్య వచ్చింది.

“మీ వంతులు తేలేసరికి నాలుగవుతుంది. తప్పుకోండి ఇద్దరూ” అంది. గునపం అందుకుని సరిగ్గా నడిమి టైలు మీద పోటు వేసింది. అది మూడు ముక్కలైంది. ఆమె మళ్ళీ దాని వంక చూడలేదు.

లేపిన టైల్స్ ఇరవై రెండు. విరగకుండా వచ్చినవి ఆరు. ఆ ఆరింటినీ అతను కడిగి గోడకి ఆనించాడు. మట్టి బిగుసుకుపోయింది. రెండయ్యేసరికి ముగ్గురి చేతులూ బొబ్బలెక్కాయి. మూడుంపావుకి నల్లటి కేబులు కనిపించింది, పెట్టినచోటే, పెట్టినట్టే. సంతోషం వస్తుందేమో అనుకున్నాడు. నడుం నొప్పి ఒక్కటే వచ్చింది.

లైన్‌మన్ నాలుగున్నరకి వచ్చాడు. కర్ర దింపి, మూడడుగుల గీత మీద బొటనవేలు ఆనించి, పైకి తీశాడు. చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కునేంత సేపు కూడా పట్టలేదు. సంతకం పెట్టాడు.

“బాగుందండీ. ఇక కలపడమే.”

“ఎప్పుడు?”

“కలిపేవాళ్ళు వేరే. పది రోజులనుకోండి.”

“ఆదివారం దిగుతున్నామయ్యా.”

“దిగండి. వెలుతురు బాగానే వస్తోంది కదా” అని సైకిలెక్కాడు.

బావమరిది పారతో మట్టి లాగబోయాడు. అతను పార మీద కాలు పెట్టాడు.

“ఉంచు.”

“సంతకం అయిపోయిందిగా బావా?”

“కలిపేవాళ్ళు కూడా చూస్తామంటే?”

మెట్టు మీద కూలబడ్డ ఆమె, బొబ్బల చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. “ఈ గొయ్యి ఒక్కదాన్నన్నా ఖాళీగా ఉండనిచ్చారు” అంది.

ఆదివారం మంచాలూ బీరువా గొయ్యి మీద వేసిన చెక్క మీదుగా లోపలికి వెళ్ళాయి. అతను ఏడు ఫ్యాన్ల కింద నడిచి కిటికీలన్నీ తెరిచాడు. పదిలో మూడు రోజులు పోయాయి, ఏడున్నాయి అనుకున్నాడు. కరెంటాఫీసువాళ్ళ పది ఎంతవుతుందో తెలిసినవాడు కనక అక్కడితో లెక్క ఆపి, మంచం బిగించడానికి స్పానరు వెతుక్కున్నాడు.