రాణి అరచేతిలో అయస్కాంతం

సినిమా పాత్రల బొమ్మలు సేకరించేవాళ్ల మధ్య అతని పేరు బొమ్మల డాక్టరు. ఊడిన చెయ్యి, చెరిగిన కనుబొమ్మ, వంగిపోయిన కత్తి ఏదైనా సరే, తన గదిలో కిటికీ పక్క బల్ల మీదే బాగుచేసేవాడు.

ఆ ఉదయం బల్ల మీద ఒక యుద్ధరాణి ఉంది. జానెడు బొమ్మ. ఆమె అరచేతిలో ఒకటి, డాలు వెనక ఒకటి, కందిబద్దంత అయస్కాంతాలు ఉంటాయి. వాటి పట్టుతోనే డాలు చేతికి అంటుకుని నిలుస్తుంది. జిగురు వదిలిపోయి డాలు అస్తమానూ జారిపోతోందని బొమ్మగలావిడ తెచ్చి ఇచ్చింది. అతను రెండు అయస్కాంతాలనూ పట్టకారుతో ఊడదీసి, పాత జిగురు గీకి, ఒక సీసా మూతలో పెట్టుకున్నాడు.

అంతలో వీధి తలుపు కొట్టారు. ఏదో పార్సిల్. అందుకోడానికి వెళ్తూ గదికి గడియ పెట్టడం మరిచిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మూత బోర్లా పడి ఉంది. చెల్లెలి కూతురు బల్లకింద కూర్చుని రాణి జుట్టు నిమురుతోంది. మూడేళ్ల పిల్ల. ఒక్కచోట నిలవదని ఇంట్లో పిడుగు అంటారు. చెల్లెలు ఉద్యోగానికి వెళ్తూ రోజూ వదిలి వెళ్తుంది.

"ఇందులోవి ఏవే?"

"రాణికి ఆకలేసింది. పెట్టాను."

"తిందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నోరు తెరవట్లేదు మావయ్యా."

"మరి ఏం చేశావు?"

"నేను మంచిదాన్ని కదా? నోరు తెరిచా" అంది పిల్ల.

అతను పిల్లను బల్లకిందనుంచి లాగాడు. నోట్లో వేలు పెట్టి చూశాడు. గుప్పిళ్లు విప్పించాడు, గౌను దులిపాడు. ఉక్కు స్క్రూడ్రైవరు తీసుకుని బల్లకిందంతా నేల మీద రాస్తూ పోయాడు. ఉంటే అంటుకుని రావాలి. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆ స్క్రూడ్రైవరును పిల్ల పొట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. చక్కిలిగింత అనుకుని అది కిలకిలా నవ్వింది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎందుకురా అంత కంగారు?" అంది వంటింట్లోంచి వచ్చిన అమ్మ. "చిన్నప్పుడు నువ్వు చొక్కా గుండీ మింగావు. మర్నాటికి దాని దారిన అది పోయింది. పిల్ల చూడు, గుండ్రాయిలా ఉంది."

"గుండీ వేరమ్మా. ఇవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు చిక్కితే చిల్లు పడిపోతుంది."

అమ్మ పిల్ల చెప్పులు వెతకడం మొదలుపెట్టింది.

చెల్లెలికి ఫోన్ చేయాలి. అతని వేలు ఆగింది. ఏ సందులోనో పడి ఉంటే, చెల్లెల్ని ఊరికే భయపెట్టడమే కదా? ఇంకొక్కసారి వెతికితే? ఆ ఆలోచనకే తన మీద తనకు అసహ్యం వేసింది. ఫోన్ చేశాడు.

"పిడుగు అయస్కాంతాలు మింగిందేమో. తలుపు నేనే వెయ్యలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, వచ్చెయ్."

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు, అంతే. ఫోన్ ఆగిపోయింది.

దారి పొడుగునా పిల్ల ఏవో పాటలు పాడుతూనే ఉంది. పాట ఆగినప్పుడల్లా అతను దాని ముఖంలోకి చూసేవాడు.

ఎక్స్‌రేలో పక్కటెముకల కింద రెండు తెల్లటి చుక్కలు కనిపించాయి, ఒకదానికొకటి అతుక్కుని.

"తర్వాత ఏమైనా తినిపించారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ."

"మంచిదైంది. ఇంకా పొట్టలోనే ఉన్నాయి. పేగుల్లోకి దిగకముందే మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం వేసి తీసేద్దాం."

చెల్లెలు పరుగున వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉంది. చూపించిన చోట సంతకం పెట్టి, పిల్ల నుదుట ముద్దుపెట్టుకుంది. అన్న వైపు చూడలేదు. పిల్లను లోపలికి తీసుకెళ్లగానే తలుపులు మూసుకున్నాయి.

చెల్లెలు "నిజంగా రెండేనా?" అంది.

"రెండే" అన్నాడు. అనగానే భయం పట్టుకుంది. నిన్న వేరే బొమ్మకోసం కొత్త అయస్కాంతాల డబ్బా కిందికి దించాడు. విప్పాడా? మళ్లీ పైన పెట్టాడా? ఎక్స్‌రేలో ఒకదాని వెనక ఇంకొకటి దాక్కుంటే? అమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ స్టూలు ఎక్కి చూసి వచ్చేవరకు ఫోన్ చెవికి అదుముకుని నిలబడ్డాడు.

"పై అరలోనే ఉందిరా. సీలు కూడా విప్పలేదు."

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంది. "రెండూ వచ్చేశాయి. లోపల ఎక్కడా గాయం లేదు. ఒక్కరోజు ఉంచుకుని చూసి పంపిస్తాం."

అతను గోడకు చేరగిలబడి నేల మీదే కూలబడ్డాడు. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. ఏడుస్తూనే అంది:

"నన్ను భయపెట్టకూడదని ఫోన్ చెయ్యకుండా ఉండి ఉంటే, ఏమయ్యేది అన్నయ్యా?"

"ఒక్క క్షణం అలాగే అనిపించింది" అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఏదో అనబోయింది. లోపలినుంచి బొంగురు గొంతుతో "అమ్మా" అని వినిపించింది. ఆమె లేచి పరిగెత్తింది. అతను కూడా లేచాడు గాని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావేం? అడుగుతోంది నిన్ను" అంది చెల్లెలు.